ఎవరి అలారం ఎవరికి: జాబిక్స్ టెంప్లేట్ల పంపకాన్ని మేము తిరగరాసిన తీరు

నెలాఖరు శనివారం రాత్రి 10 గంటల 52 నిమిషాలకు ఒక అలారం వచ్చింది. ప్రధాన డేటాబేస్ సర్వర్ మీద ఒక డిస్కులో ఖాళీ 20 శాతం కంటే తగ్గిందని దాని సారాంశం. హైదరాబాద్‌లోని మా పర్యవేక్షణ గదిలో రాత్రి డ్యూటీలో ఉన్న అబ్బాయి దాన్ని చూశాడు. రిజిస్టరులో సమయం, సర్వర్ పేరు, అలారం పేరు రాసుకున్నాడు. 'తీసుకున్న చర్య' అనే చివరి గడిలో 'గమనించాను' అని రాశాడు. తెల్లవారుజామున 2 గంటల 37 నిమిషాలకు ఆ డిస్కు పూర్తిగా నిండింది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఆగిపోయింది. ఆ మధ్య దాదాపు నాలుగు గంటలు ఎవరికీ ఏమీ తెలియలేదు. తొలి ఫోను కూడా మా అలారం వల్ల రాలేదు, ఆర్డర్లు నమోదు కావడం లేదని 3 గంటల 10 నిమిషాలకు అప్లికేషన్ బృందం చేసింది.

ఆ డేటాబేస్ వాడే సంస్థ పని మందుల పంపిణీ. ఉదయం 6 గంటలకు గోదాముల్లో పెట్టెలు కదలాలి. డేటాబేస్ మళ్లీ లేచేసరికి 6 గంటల 40 నిమిషాలయింది. ఆ రోజు చాలా ఊళ్లలోని మందుల దుకాణాలకు సరుకు ఆలస్యంగా చేరింది.

సోమవారం ఉదయం రాత్రి డ్యూటీ అబ్బాయిని సంజాయిషీ అడిగారు. అతను నా దగ్గరకు వచ్చి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "సార్, ఆ అలారం నేను చూడలేదని అనడం లేదు. చూశాను. కానీ అదే రంగులో, అదే మాటతో ఇంకో 60 ఉన్నాయి. అందులో ఏది నిజమైనదో నాకు ఎలా తెలుస్తుంది?"

ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. తర్వాత నాలుగు నెలలు చేసిన పనంతా ఆ ప్రశ్న కోసమే. ఏ అలారాల గుంపును ఏ ఏజెంటుకు (ప్రతి యంత్రం మీద ఉండి కొలతలు పంపే చిన్న ప్రోగ్రాముకు) అప్పగించాలి, ఎందుకు అప్పగించాలి అన్నది మేము ఎలా తేల్చుకున్నామో ఇక్కడ రాస్తున్నాను. మేము వాడేది జాబిక్స్. లాత్వియాకు చెందిన అలెక్సీ వ్లాదిషెవ్ రాసి 2001లో అందరికీ విడుదల చేసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇది. వేరే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ వాడేవారికి పేర్లు మారతాయి తప్ప చిక్కు అదే.

అసలు ఆ రాత్రి ఏం జరిగింది

ప్రధాన డేటాబేస్‌కు ఒక స్టాండ్‌బై ఉంది, అంటే వేరే యంత్రం మీద సిద్ధంగా ఉండే నకలు. ప్రధాన సర్వర్ మీద జరిగే ప్రతి మార్పూ ముందుగా వాల్ అనే చిట్టా ఫైళ్లలోకి ఎక్కుతుంది. ఒక్కొక్కటి మామూలుగా 16 ఎంబీ ఉండే ఆ ఫైళ్లలోని సమాచారం స్టాండ్‌బైకి అందుతూ ఉంటుంది. రెప్లికేషన్ స్లాట్ అంటే ప్రధాన సర్వర్ ఇచ్చిన మాట: స్టాండ్‌బై అందుకునేదాకా ఈ ఫైళ్లను పారేయను అని. 2014లో వచ్చిన 9.4 వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌లో ఈ సదుపాయం ఉంది. స్టాండ్‌బై ఎంతకీ రాకపోయినా ప్రధాన సర్వర్ ఆ మాట తప్పదు. చివరికి డిస్కు నిండుతుంది, కొత్త మార్పు రాయడానికి చోటు లేక డేటాబేస్ తనను తాను ఆపేసుకుంటుంది. ఇంతవరకే ఆగుతాను అని హద్దు పెట్టుకునే వీలు 2020 నాటి 13వ వెర్షన్‌తో వచ్చింది. కానీ ఆ హద్దును మనమే పెట్టుకోవాలి. పెట్టకపోతే హద్దు లేదనే అర్థం. మేము పెట్టలేదు.

ఆ శనివారం సాయంత్రం 4 గంటలకు స్టాండ్‌బై యంత్రం మీద ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాచ్‌లు వేసి రీస్టార్ట్ చేశారు. యంత్రం లేచింది. జాబిక్స్ ఏజెంటు లేచింది. పోస్ట్‌గ్రెస్ మాత్రం లేవలేదు. మా తెర మీద ఆ యంత్రం పచ్చగానే ఉంది. ఎందుకంటే ఆ యంత్రానికి మేము అప్పగించిన అలారాలన్నీ లైనెక్స్‌కు సంబంధించినవి: సీపీయూ, మెమరీ, స్వాప్ (మెమరీ చాలనప్పుడు డిస్కులో వాడే చోటు), డిస్కు. ఆ యంత్రం మీద డేటాబేస్ ఒకటి ఉండాలనీ, అది ఎప్పుడూ నడుస్తూ ఉండాలనీ జాబిక్స్‌కు ఎవరూ చెప్పలేదు. డేటాబేస్ కోసమే కొన్న యంత్రం మీద డేటాబేస్ లేని సంగతిని కనిపెట్టగల అలారం ఒక్కటి కూడా లేదు.

నెలాఖరు కాబట్టి రాత్రి లెక్కల పనులు ఎక్కువ. వాల్ ఫైళ్లు మామూలు కంటే వేగంగా పోగుపడ్డాయి. 10 గంటల 52 నిమిషాలకు 80 శాతం దాటింది. అలారం వచ్చింది, స్థాయి 'హెచ్చరిక'. మా టెంప్లేట్ ఎప్పుడో పాత వెర్షన్ల నాటి లైనెక్స్ టెంప్లేట్‌కు తీసిన నకలు. అందులో డిస్కుకు ఉన్నది ఒకే మెట్టు: ఖాళీ 20 శాతం కంటే తక్కువ. ఒకసారి వెలిగిన అలారం ఆ స్థితి పోయేదాకా అలాగే వెలుగుతూ ఉంటుంది. 85 అయినా, 95 అయినా, 99 అయినా కొత్త మాటేమీ చెప్పదు. అదే సమయంలో తెర మీద బ్యాకప్ డిస్కులవి, పాత లాగ్ డిస్కులవి, ఎప్పుడూ 82 నుంచి 88 శాతం మధ్య నిలకడగా ఉండేవి 60 దాకా వెలుగుతున్నాయి. కొన్ని వారాల తరబడి అలాగే ఉన్నాయి. ఆ పసుపు రంగు మధ్య 61వ పసుపు గీత కనిపించలేదంటే అది కంటి లోపం కాదు.

ఒకే నియమం, 400 పైచిలుకు యంత్రాలు

ఈ స్థితికి ఎలా వచ్చామో చూడాలి. జాబిక్స్‌లో అలారాల గుంపుకు పేరు టెంప్లేట్. ఏం కొలవాలి, ఏ హద్దు దాటితే మోగాలి అన్నవి అందులో ఉంటాయి. ఆ టెంప్లేట్‌ను ఒక హోస్ట్‌కు, అంటే జాబిక్స్ చూసే ఒక యంత్రానికి, జోడిస్తే ఆ యంత్రం మీది ఏజెంటు ఆ కొలతలు పంపడం మొదలుపెడుతుంది. యంత్రాలు వందల్లో ఉంటే చేతితో జోడించలేం కనుక స్వీయ నమోదు వాడతాం. కొత్త యంత్రం మీది ఏజెంటు సర్వర్‌ను మొదటిసారి పలకరించినప్పుడు తన గురించి ఒక చిన్న వివరం పంపుతుంది. ఆ వివరంలో ఫలానా మాట ఉంటే ఫలానా టెంప్లేట్ జోడించు అని సర్వర్‌లో నియమం రాసి పెడతాం.

మా నియమం ఒక్కటే. వివరంలో 'లైనెక్స్' అనే మాట ఉంటే లైనెక్స్ టెంప్లేట్ జోడించు, లైనెక్స్ గుంపులో వెయ్యి. ఎవరో ఎన్నో ఏళ్ల కిందట 30 యంత్రాలు ఉన్నప్పుడు రాసిన నియమం అది. ఆ రోజుకు అది సరైనదే. తర్వాత యంత్రాలు 400 దాటాయి. నియమం మాత్రం తన పని తాను నమ్మకంగా చేసుకుంటూ పోయింది. డేటాబేస్ యంత్రానికీ, వెబ్ యంత్రానికీ, రాత్రి లెక్కలు చేసే యంత్రానికీ, పరీక్షల కోసం పెట్టిన యంత్రానికీ అవే అలారాలు, అవే హద్దులు.

యంత్రం మీద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందన్నది తెలుసుకోవడం చాలా సులువు, ఏజెంటే చెప్పేస్తుంది. అందుకే అందరం దాని ప్రకారమే పంచుతాం. కానీ రాత్రి 2 గంటలకు ఎవరిని నిద్ర లేపాలన్నది ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పదు. ఆ యంత్రం ఏ పని చేస్తోంది, ఆ పని ఆగితే ఎవరికి నష్టం అన్నదే చెబుతుంది. ఈ మాట అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. టెంప్లేట్‌లో మాత్రం ఎక్కడా లేదు.

రిజిస్టరు చెప్పిన సంగతి

పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మొదట రెండు రోజులు జాబిక్స్ నివేదికలు తిరగేశాను. ఏ అలారం ఎన్నిసార్లు వచ్చిందో అవి చెప్పాయి. నాకు కావలసింది వేరు: ఏ అలారం వచ్చినప్పుడు మనిషి కుర్చీలోంచి లేచాడు? అది రాత్రి డ్యూటీ రిజిస్టరులో ఉంది.

పొడుగాటి గళ్ల పుస్తకం అది. నాలుగు గడులు, ఒక్కో రాత్రికి నాలుగైదు పేజీలు. ఒక నెల పుస్తకం ముందు పెట్టుకుని నేనూ, ఆ అబ్బాయీ, ఇంకొకరూ కూర్చున్నాం. 31 రాత్రులకు 4,318 వరుసలు లెక్క తేలాయి. రాత్రికి దాదాపు 140. పది గంటల డ్యూటీలో నాలుగు నిమిషాలకు కొంచెం పైగా ఒకటి వచ్చినట్టు. చివరి గడి చదువుతూ పోయాం. 'దానంతట అదే తగ్గింది.' 'తగ్గింది.' 'తగ్గింది.' కొన్ని పేజీల్లో పైన ఒకసారి రాసి కింద అన్ని వరుసలకూ అదే గుర్తు పెట్టారు. ఎవరికైనా ఫోను చేసినట్టు, ఏదైనా ఆపినట్టు, ఏదైనా చోటు ఖాళీ చేసినట్టు రాసి ఉన్నవి 170 కూడా లేవు.

ఆ పుస్తకం చూస్తుంటే నాకు బాధ కలిగింది. ఇంత శ్రద్ధగా, చక్కటి చేతిరాతతో, రాత్రంతా మేలుకుని వాళ్లు రాసిన వరుసల్లో నూటికి 96 రాయనవసరం లేనివి. వాటిని వాళ్ల నెత్తిన పెట్టింది మేము.

అలారాల వరద గురించి మన రంగం కంటే ముందు చమురు శుద్ధి కర్మాగారాలు నేర్చుకున్నాయి. 1994 జులై 24న వేల్స్‌లోని మిల్ఫోర్డ్ హేవెన్ దగ్గరి రిఫైనరీలో పేలుడు జరిగింది. దానికి ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయని విచారణలో తేలింది. ఆ తర్వాత 1999లో బ్రిటన్ ఇంజినీరింగ్ వర్గాలు తెచ్చిన మార్గదర్శకాలు, మామూలు రోజుల్లో ఒక ఆపరేటర్‌కు 10 నిమిషాలకు ఒకటి మించకపోతే తట్టుకోగలడని లెక్క కట్టాయి. మా అబ్బాయిలు ఏ ప్రమాదమూ లేని మామూలు రాత్రుల్లో అంతకు రెట్టింపుకు పైగా మోస్తున్నారు.

మూడు పొరలు

4,318 వరుసలను యంత్రం చేసే పని ప్రకారం వేరుచేశాం. అప్పుడు చిత్రం మారిపోయింది. సీపీయూ అలారాల్లో సింహభాగం రాత్రి లెక్కల యంత్రాలవి. ఆ యంత్రాలు కొన్నదే రాత్రంతా నూటికి నూరు శాతం పనిచేయడానికి. అక్కడ సీపీయూ నిండుగా ఉండటం ఆరోగ్యం. రాత్రి ఒంటిగంటకు అది ఖాళీగా ఉంటేనే భయపడాలి. స్వాప్ అలారాలు ఎక్కువగా వెబ్ యంత్రాలవి, ఏళ్ల తరబడి అలాగే ఉన్నాయి, ఏ హానీ జరగలేదు.

దాంతో అలారాలను మూడు పొరలుగా కూర్చాం. అడుగు పొర ప్రతి యంత్రానికీ: ఏజెంటు పలుకుతోందా, గడియారం సరిగా ఉందా, ఏదైనా డిస్కు చదవడానికి మాత్రమే మిగిలిపోయిందా, డిస్కు నిండబోతోందా. అంతే. సీపీయూ, మెమరీ ఇక్కడ కొలుస్తాం కానీ అలారం పెట్టలేదు. గ్రాఫు కావాలంటే ఉంటుంది, మోగదు. ఈ నిర్ణయం మీద ఎక్కువ వాదన జరిగింది. కొలిచే ప్రతిదానికీ అలారం ఉండాలని మనకు ఒక అలవాటు. దాన్ని వదులుకోవడానికి ఒక సమావేశం చాలలేదు, మూడు పట్టాయి.

మధ్య పొర పనిని బట్టి: డేటాబేస్, వెబ్, రాత్రి లెక్కలు, సందేశాలను వరుసలో పెట్టి అందించే క్యూ సర్వర్లు. పై పొర చిన్నది: ఈ యంత్రం ఏ సేవకు చెందింది, ఆ సేవకు రాత్రి ఎవరు జవాబుదారీ అన్నది. ఇందులో కొలతలేమీ ఉండవు. ట్యాగులు, హోస్ట్ గుంపు మాత్రమే ఉంటాయి, ఫోను ఎవరికి పోవాలో వాటి ప్రకారం నిర్ణయమవుతుంది.

డేటాబేస్ పొర గురించి కొంచెం వివరంగా చెప్పాలి, అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నది అక్కడే. మొదటి అలారం స్టాండ్‌బై జోడింపు తెగిందా అన్నది. రెండోది, ఏదైనా రెప్లికేషన్ స్లాట్ ఎవరూ వాడకుండా పడి ఉందా, దాని కోసం ఎన్ని వాల్ ఫైళ్లు నిలవ ఉన్నాయి అన్నది. ఇవి ఉండి ఉంటే ఆ శనివారం సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకే, పగటి డ్యూటీ వాళ్లు ఇంకా కుర్చీల్లో ఉండగానే తెలిసిపోయేది. మూడోది లావాదేవీల సంఖ్య వయసు, అంటే ఇంకా శుభ్రపరచని అతి పాత లావాదేవీ తర్వాత ఎన్ని లావాదేవీలు జరిగాయన్నది. పోస్ట్‌గ్రెస్‌లో ఈ వయసు 20 కోట్లు దాటితే మామూలు అమరికలో శుభ్రపరిచే పని దానంతట అదే మొదలవుతుంది. అది ఏ కారణం చేతనైనా సాగకపోతే వయసు 200 కోట్ల పైకి పెరిగి చివరికి డేటాబేస్ కొత్త మార్పులు తీసుకోవడం మానేస్తుంది. మా దగ్గర ఒక పాత డేటాబేస్‌లో అది అప్పటికే 90 కోట్లు దాటి ఉంది. అంతకుముందు ఎవరూ ఆ అంకె వైపు చూడలేదు.

నాలుగోది డిస్కు. నిండిన శాతం ఒక్కటే చూడటం మానేశాం. గత గంటలో పెరిగిన వేగం ఇలాగే సాగితే ఎప్పటికి నిండుతుంది అని లెక్క కట్టే ఫంక్షన్ జాబిక్స్‌లో ఉంది. తర్వాతి కొన్ని వెర్షన్లలో వచ్చిన లైనెక్స్ టెంప్లేట్‌లోనూ డిస్కు అలారానికి శాతంతో పాటు, ఖాళీ కొన్ని జీబీలకు పడిపోవడమో, ఒక రోజులోపు నిండే వేగం ఉండటమో తోడు కావాల్సి ఉండేది. మేము నకలు తీసిన పాతదానిలో అది లేదు. అయితే వాల్ డిస్కు సముద్రం లాంటిది. పెరుగుతుంది, తగ్గుతుంది. వేగం ఒక్కదాన్నే నమ్మితే ప్రతి పెద్ద పని మొదటి అరగంటలో అలారం మోగుతుంది. మొదటి వారం అలాగే మోగింది కూడా. 70 శాతం దాటి ఉండాలి, ఆరు గంటల్లోపు నిండే వేగమూ ఉండాలి అని రెండిటినీ కలిపాక నిలకడ వచ్చింది. బ్యాకప్ డిస్కులు 88 శాతం దగ్గర కదలకుండా ఉంటాయి కనుక ఆ 60 పసుపు గీతలూ ఒక్కసారిగా మాయమయ్యాయి.

రాత్రి లెక్కల యంత్రాలకు తిరగేసిన అలారం పెట్టాం. లెక్క పూర్తయినప్పుడు ఆ పని చివర్లో జాబిక్స్‌కు ఒక చిన్న సందేశం వస్తుంది. ఉదయం 4 గంటల 30 నిమిషాలకల్లా ఆ సందేశం రాకపోతే అలారం. మౌనమే అక్కడ ప్రమాద సూచన.

మార్చేటప్పుడు ఎదురైన చిక్కులు

కాగితం మీద పొరలు గీయడం ఒక వారం పని. నడుస్తున్న 400 యంత్రాల మీద పాతది తీసి కొత్తది పెట్టడానికి రెండు నెలలకు పైగా పట్టింది. ఇదే పని చేయబోయేవారికి ఈ భాగం ఎక్కువ ఉపయోగపడుతుంది.

టెంప్లేట్‌ను హోస్ట్ నుంచి తీసేటప్పుడు జాబిక్స్ రెండు దారులు చూపిస్తుంది. ఒకటి విడదీయడం, రెండోది విడదీసి తుడిచేయడం. రెండోది నొక్కితే ఆ టెంప్లేట్ వల్ల వచ్చిన కొలతలు, వాటి పాత చరిత్ర అంతా పోతుంది. మొదటి పరీక్షలో మూడు వెబ్ యంత్రాల మీద మేము అదే నొక్కాం. శుభ్రంగా మొదలుపెడదామనుకున్నాం. మర్నాడు సామర్థ్యం లెక్కలు చూసేవారు వచ్చి ఆ యంత్రాల గత ఏడాది గ్రాఫులు అడిగారు. లేవు. తిరిగి తేలేం కూడా. ఆ తర్వాత ఆ దారి ఎవరూ వాడకూడదని పనుల పట్టికలో మొదటి వరుసగా రాసి పెట్టాం.

విడదీయడం మాత్రమే చేస్తే కొలతలు హోస్ట్ మీద సొంత కొలతలుగా మిగిలిపోతాయి, చరిత్రతో సహా. తర్వాత అదే కీ (కొలతను గుర్తించే పేరు) ఉన్న కొలతతో కొత్త టెంప్లేట్ జోడిస్తే జాబిక్స్ రెండోది సృష్టించదు. ఉన్న కొలతనే కొత్త టెంప్లేట్ కిందికి తెచ్చుకుంటుంది. చరిత్ర చెక్కుచెదరదు. మేము ఆ పద్ధతి పట్టుకున్నాం. కానీ అందులో ఇంకో చిక్కు దాగి ఉంది. కొలతలతో పాటు పాత ట్రిగ్గర్లు (హద్దు దాటితే అలారం మోగించే నియమాలు) కూడా హోస్ట్ మీద అనాథల్లా మిగిలిపోతాయి, మోగుతూనే ఉంటాయి. మొదటి 40 యంత్రాలు మార్చిన రాత్రి అలారాలు తగ్గకపోగా పెరిగాయి, పాతవీ కొత్తవీ కలిసి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవారికి మేము ముందే చెప్పలేదు. అది మా తప్పు, మర్నాడు వెళ్లి ఆ మాట వారికి చెప్పాను. తర్వాత ఏపీఐ (ప్రోగ్రాములు జాబిక్స్‌తో మాట్లాడే దారి) ద్వారా, ఏ టెంప్లేట్ నుంచీ రాని ట్రిగ్గర్లను వెతికి జాబితా తీసి, ఒకరు చదివి సరే అన్నాక తొలగించే చిన్న స్క్రిప్టు రాశాం.

ఒకే హోస్ట్‌కు జోడించే రెండు టెంప్లేట్లలో ఒకే కీ ఉన్న కొలత ఉండటానికి వీల్లేదు. జాబిక్స్ ఒప్పుకోదు. డిస్కు కొలతలు అడుగు పొరలోనూ డేటాబేస్ పొరలోనూ పెట్టి ఈ గోడకు తగిలాం. దాంతో ఒక కొలతకు ఒకే ఇల్లు అని నియమం పెట్టుకున్నాం. డిస్కు అడుగు పొరలోనే ఉంటుంది, హద్దులు మాత్రం మాక్రోల (పేరు పెట్టి దాచే విలువల) ద్వారా మారతాయి.

ఆ మాక్రోల దగ్గరా ఒక గుంట ఉంది. హద్దు విలువను పని టెంప్లేట్‌లోనే రాస్తే సరిపోతుందనుకున్నాం. కానీ ఒకే మెట్టులోని రెండు టెంప్లేట్లలో ఒకే మాక్రో ఉంటే, తక్కువ సంఖ్య గల టెంప్లేట్ విలువే చెల్లుతుంది. అంటే ముందు సృష్టించినది. మా అడుగు పొర అన్నిటికంటే ముందు సృష్టించాం కనుక అన్ని చోట్లా దాని విలువే గెలిచింది. తెర మీద చూస్తే అంతా సరిగానే రాసి ఉన్నట్టు కనిపిస్తుంది. పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. చివరికి హద్దులన్నీ హోస్ట్ స్థాయిలోనే, ఏ డిస్కుకు ఎంత అని డిస్కు పేరుతో సహా రాశాం. హోస్ట్ మీద రాసినది టెంప్లేట్ మీద రాసినదాన్ని ఎప్పుడూ దాటుతుంది. ఆ విలువలు చేతితో ఎక్కించం, ఏ యంత్రానికి ఏ పని అన్న జాబితా నుంచి స్క్రిప్టు ఎక్కిస్తుంది.

ఇక స్వీయ నమోదు. ఏజెంటు పంపే వివరాన్ని ఇప్పుడు మేమే నిర్ణయిస్తాం: పని ఏమిటి, అసలు సేవలో ఉందా పరీక్షలో ఉందా, ఏ సేవకు చెందింది. మొదట పని పేరు మాత్రమే పెట్టాం. వెతికే పద్ధతి 'ఈ మాట ఉంటే' అన్నది కావడం వల్ల, 'వెబ్' అని రాసిన నియమం వెబ్ బ్యాకప్ యంత్రాలను కూడా పట్టుకుంది. అందుకే ప్రతి విలువకు ముందూ వెనకా గుర్తులు పెట్టి రాశాం. ఇంకోసారి ఎవరో ప్రధాన డేటాబేస్ యంత్రం నకలు తీసి పరీక్షకు పెట్టారు. అది అదే వివరంతో నమోదై, తెల్లవారుజామున డేటాబేస్ ఇంజినీరును నిద్ర లేపింది. ఆయనకు కోపం వచ్చింది, రావలసిందే. అసలు సేవా, పరీక్షా అన్న విలువ ఆ రోజే చేర్చాం.

పని ఏమిటో చెప్పని యంత్రం వస్తే? దానికి అడుగు పొర మాత్రమే జోడించి 'పని తెలియనివి' అనే గుంపులో వేస్తాం. ప్రతి సోమవారం ఉదయం ఆ గుంపు తెరిచి, ఒక్కొక్కదానికీ యజమానిని వెతుకుతాం. మొదటి సోమవారం అందులో 74 ఉన్నాయి. రెండిటికి యజమానే లేడు. మూడేళ్లుగా కరెంటు తాగుతూ నడుస్తున్నాయి, ఆపేశాం.

మొదటి అడుగు రాయని అలారం వద్దు

సాంకేతిక భాగం కంటే ఎక్కువ ఓపిక పట్టినది మనుషులతో ఒప్పందం. నేను ఒక షరతు పెట్టాను. రాత్రి మోగే ప్రతి అలారానికీ, అది అందుకున్నవారు మొదట ఏం చేయాలో రెండు మూడు వాక్యాల్లో రాసి ఉండాలి. రాయలేకపోతే ఆ అలారం రాత్రి మోగదు, ఉదయం నివేదికలోకి పోతుంది. డేటాబేస్ బృందం పెద్దాయన మొదట ఒప్పుకోలేదు. "మా పని అంత తేలికగా రెండు వాక్యాల్లో రాసేది కాదండీ" అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. నేను రిజిస్టరు తెచ్చి ఆ శనివారం పేజీ ఆయన ముందు పెట్టాను. 'గమనించాను' అన్న మాట దగ్గర వేలు పెట్టి, "ఈ గడిలో ఆ అబ్బాయి ఏం రాసి ఉంటే మీకు మేలు జరిగేది?" అని అడిగాను. కాసేపు చూసి కాగితం తీసుకున్నారు. 'స్టాండ్‌బైలో పోస్ట్‌గ్రెస్ నడుస్తోందో లేదో చూడు. నడవకపోతే నాకు ఫోను చెయ్యి. వాల్ ఫోల్డర్‌లో ఒక్క ఫైలు కూడా చేత్తో తీసెయ్యకు.' ఇదే మాట ఇప్పటికీ ఆ అలారం వివరణలో తెలుగులోనే ఉంది. మూడో వాక్యం లేకపోతే చోటు ఖాళీ చేద్దామని ఎవరైనా ఆ ఫైళ్లు తుడిచే ప్రమాదం ఉంది. అప్పుడు డేటాబేస్ ఆగడం కాదు, పాడవుతుంది.

ఆ షరతు వల్ల 38 అలారాలు రాత్రి జాబితా నుంచి వాటంతట అవే తప్పుకున్నాయి. వాటికి మొదటి అడుగు రాయడానికి ఎవరూ ముందుకు రాలేదు.

కొత్త పంపకం పూర్తయిన తర్వాతి నెలలో రాత్రి రిజిస్టరులో 31 రాత్రులకు 402 వరుసలు. రాత్రికి 13. చివరి గడిలో ఇప్పుడు పేర్లు, సమయాలు, చేసిన పనులు ఉన్నాయి. 'దానంతట అదే తగ్గింది' అన్నది ఇంకా వస్తోంది, నెలకు 60 దాకా. వస్తే ఆ అలారం హద్దును మళ్లీ చూస్తాం. ఆ రాత్రి గురించి సంజాయిషీ ఇవ్వాల్సి వచ్చిన అబ్బాయే ఇప్పుడు ఆ పని చూస్తున్నాడు. వారానికోసారి ఆ వరుసలు తీసి, ఏ టెంప్లేట్‌లో ఏం మార్చాలో రాసి తెస్తాడు. మొన్న అతను తెచ్చినదానిలో 11 యంత్రాల పేర్లు ఉన్నాయి. వాటి మీద డేటాబేసూ, వెబ్ సర్వరూ రెండూ ఉన్నాయి. రెండు పనుల టెంప్లేట్లూ జోడిస్తే మెమరీ హద్దుల్లో ఏది చెల్లాలో తేలడం లేదు. మూడో టెంప్లేట్ రాయాలా, లేక ఆ యంత్రాల మీద పనులనే విడదీయమని అప్లికేషన్ బృందాన్ని అడగాలా అన్నది వచ్చే సోమవారం కూర్చుని తేల్చుకోవాలి.